పాత కారులో హీటర్ సరిగా రావడం లేదా? కోర్ మార్చే ముందు రెండు హోస్‌లు పట్టుకుని చూడండి

చలి దేశంలో పాత కారు కొన్నవాళ్లకు మొదటి శీతాకాలంలోనే వినపడే మాట ఒకటుంది: "హీటర్ కోర్ పోయింది, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి." కోర్ ఖరీదు తక్కువే. విప్పి మళ్లీ బిగించే కూలీ మాత్రం పాత కారు ధరకు పోటీ వస్తుంది. ఆ మాట నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. కానీ అనుమానించాల్సిన వాటిలో కోర్ చివరిది. ముందు ఇంజిన్ వేడిని మోసుకెళ్లే ద్రవం, అంటే కూలెంట్, చూడాలి. తర్వాత ఇంజిన్ కాగేదాకా ఆ ద్రవాన్ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్, అంటే థర్మోస్టాట్. మిగతావన్నీ ఆ తర్వాతే.

కరోలా, సివిక్, క్యామ్రీ లాంటి మామూలు పెట్రోల్ కార్లకు ఈ వరస సరిపోతుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు.

1. వేడి ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

హీటర్ విడిగా వేడి పుట్టించదు. ఇంజిన్ చుట్టూ తిరిగి కాగిన కూలెంట్‌లో కొంత భాగం ఒక హోస్ గుండా డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. అదే హీటర్ కోర్. బ్లోయర్ దాని మీదుగా గాలి కొడుతుంది. కూలెంట్ రెండో హోస్ గుండా ఇంజిన్‌కి తిరిగి వెళ్తుంది.

కాబట్టి లోపం మూడు చోట్లలో ఒకచోట ఉండాలి: ఇంజిన్ కూలెంట్‌ని సరిపడా కాచడం లేదు, కాగిన కూలెంట్ కోర్ దాకా చేరడం లేదు, లేదా కోర్ వేడిగానే ఉన్నా ఆ వేడి గాలికి అందడం లేదు. కింద చేసే పరీక్షలన్నీ ఈ మూడింట్లో ఏదో తేల్చడానికే.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

- వంటింటి థర్మామీటర్, మాంసం ఉడికిందో లేదో చూసే సన్నని కడ్డీ రకం
- వీలైతే తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు, లోపాల కోడ్‌లు చదివేది), ఫోన్‌తో బ్లూటూత్‌లో కలిసే చవక రకం చాలు
- మందపాటి గ్లవ్స్, టార్చ్, పాత బట్టలు, వెడల్పాటి టబ్బు
- మీ కారుకి చెప్పిన రకం కూలెంట్ ఒక క్యాన్, డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాన్
- థర్మోస్టాట్ విప్పాల్సి వస్తే 10 ఎంఎం సాకెట్, ప్లయర్, కొత్త గ్యాస్కెట్

కూలెంట్ కొనేటప్పుడు రంగు చూసి కొనకండి, ఓనర్స్ మాన్యువల్ చూసి కొనండి. టొయోటా గులాబీ రంగుదీ, హోండా నీలం రంగుదీ 50:50 కలిపి అమ్మేవే. వాటిలో మళ్లీ నీళ్లు పోయకూడదు. వేరే బ్రాండ్లలో చిక్కటి కూలెంట్ కూడా దొరుకుతుంది. దానికి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలపాలి. 50:50 మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. ఎక్కువ కూలెంట్ పోస్తే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. చిక్కటి కూలెంట్ ఒక్కటే పోస్తే వేడి మోసే శక్తీ తగ్గుతుంది, అది మైనస్ 37 దాకా ఆగకుండా ముందే గడ్డకడుతుంది కూడా.

రెండు జాగ్రత్తలు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత విప్పకండి. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. నేల మీద ఒలికిన కూలెంట్‌ని వెంటనే తుడిచేయండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ కొద్దిగా కడుపులోకి వెళ్లినా వాటి ప్రాణం తీస్తుంది.

మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి ఏ పరీక్షా చేయకండి. బయటైనా సరే, సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయి లేదని చూసుకోండి.

3. చల్లని ఇంజిన్ మీద మొదటి చూపు

రాత్రంతా ఆగి ఉన్న కారు బానెట్ ఎత్తండి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో మట్టం చూసి ఊరుకోవద్దు. రేడియేటర్‌కి మూత ఉన్న కారైతే అది విప్పి లోపలికి చూడండి. డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ సగం ఖాళీగా ఉండొచ్చు. మూత రబ్బరు ఎండిపోతే, చల్లబడినప్పుడు రేడియేటర్ డబ్బాలోంచి నీళ్లు వెనక్కి పీల్చుకోలేదు.

కూలెంట్ మెడ దాకా ఉండాలి. ఒక లీటరు తగ్గితే చాలు, హీటర్ మొరాయిస్తుంది. చాలా కార్లలో కోర్ ఎత్తులో ఉంటుంది కాబట్టి తగ్గిన చోట గాలి చేరి అక్కడే తిష్ట వేస్తుంది. ఇంజిన్ వేడి చూపే ముల్లు మాత్రం మామూలుగానే చూపిస్తూ ఉంటుంది.

రంగు కూడా చూడండి. తుప్పు రంగులో బురదలా ఉంటే కోర్ సన్న గొట్టాల్లోనూ అదే బురద ఉంటుంది. మూత లోపలి వైపు పెరుగు మీగడ లాంటి జిగురు కనిపిస్తే ఇక ముందుకెళ్లకుండా 11వ భాగం చదవండి.

కూలెంట్ తగ్గి ఉంటే నింపి, 7వ భాగంలో చెప్పినట్టు గాలి తీసి, అప్పుడు హీటర్ చూడండి. చాలామందికి కథ ఇక్కడే ముగుస్తుంది. కాకపోతే ఆ లీటరు ఎక్కడికి పోయిందో కనిపెట్టాలి: వాటర్ పంప్ కింద ఎండిన తెల్ల మరకలు, హోస్ క్లిప్పుల దగ్గర తడి, ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడి.

4. అసలు ఇంజిన్ వేడెక్కుతోందా?

డ్యాష్‌బోర్డ్ మీది ముల్లుని పూర్తిగా నమ్మకండి. చాలా కార్లలో అది కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా నడిమధ్యే నిలబడేట్టు తయారుచేస్తారు. 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. రీడర్ పెట్టి కూలెంట్ ఉష్ణోగ్రత అంకెల్లో చూడండి.

- పది, పదిహేను నిమిషాలు రోడ్డు మీద నడిపాక 80 డిగ్రీలు దాటి అక్కడే నిలబడితే ఇంజిన్ వైపు తప్పు లేదు.
- ఊళ్లో 80 చూపించి, హైవే ఎక్కగానే 60–70కి జారితే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది.
- పీ0128 కోడ్ వచ్చిందంటే కూలెంట్ ఉండాల్సినంత వేడికి చేరలేదని అర్థం. కూలెంట్ తక్కువైనా ఇదే కోడ్ రావచ్చు, కాబట్టి 3వ భాగం దాటేసి నేరుగా థర్మోస్టాట్ కొనకండి.

నిలబడ్డ చోటే ఇరవై నిమిషాలు ఐడిల్‌లో పెట్టి "వేడెక్కలేదు" అని తీర్పు చెప్పకండి. చిన్న ఇంజిన్ కొరికే చలిలో ఐడిల్ మీద పెద్దగా కాగదు. నడిపితేనే కాగుతుంది.

రీడర్ లేకపోతే చెయ్యే రీడర్. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలకోసారి ఆపి, రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపూ రేడియేటర్ చల్లగానే ఉండాలి, తెరుచుకున్నాక ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నిమిషాల నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతూ వస్తే అది మూసుకోవడం లేదు. 2003–2008 కరోలా లాంటి కార్లలో థర్మోస్టాట్ నీళ్లు ఇంజిన్‌లోకి వచ్చే వైపు ఉంటుంది, అందువల్ల పై హోస్ ఎలాగూ త్వరగా వెచ్చబడుతుంది. వాటిలో కింది హోస్ పట్టుకుని చూడాలి. పై హోస్ పట్టుకుని బాగున్న థర్మోస్టాట్ మార్చేసినవాళ్లు తక్కువేం లేరు.

5. రెండు హోస్‌ల పరీక్ష

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే, పైసా ఖర్చు లేదు. ఇంజిన్‌కీ డ్యాష్‌బోర్డ్‌కీ మధ్య ఉన్న రేకు గోడలోంచి బొటనవేలంత లావు రబ్బరు హోస్‌లు రెండు పక్కపక్కనే లోపలికి వెళ్తాయి. అవే కోర్‌కి వచ్చేదీ పోయేదీ.

క్రమం ఇలా:

- కారుని పదిహేను నిమిషాలు నడపండి.
- హీటర్ నాబ్ పూర్తి వేడికి, బ్లోయర్ అన్నిటికన్నా తక్కువ వేగానికి పెట్టండి. బ్లోయర్ ఎక్కువ పెడితే రెండో హోస్ ఎలాగూ చల్లబడుతుంది, పరీక్ష తప్పుతుంది.
- అయిదు నిమిషాలు ఆగి ఇంజిన్ ఆపండి. ఇంజిన్ ఆగినా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, చెయ్యి దూరంగా ఉంచండి.
- గ్లవ్స్‌తో రెండు హోస్‌లూ పట్టుకోండి, లేదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రబ్బరు మీద గురిపెట్టండి. మెరిసే లోహపు గొట్టం మీద పెడితే అంకె తప్పు చూపిస్తుంది.

ఇక ఫలితం చదవడం.

రెండూ చెయ్యి పెట్టలేనంత వేడి: కూలెంట్ కోర్‌లో చక్కగా తిరుగుతోంది. లోపం గాలి వైపు. 9వ భాగానికి వెళ్లండి. ఇక్కడ కోర్ మార్పిస్తే డబ్బు దండగ.

రెండూ గోరువెచ్చన: ఇంజిన్ కాగడం లేదు. థర్మోస్టాట్.

ఒకటి సలసల, ఇంకొకటి చల్లన: కోర్ పూడుకుంది, లేదా దాని దారిలో ఉన్న హీటర్ వాల్వ్ తెరుచుకోవడం లేదు. పాత సివిక్‌లలో ఈ వాల్వ్‌ని ఒక కేబుల్ లాగుతుంది. ఎవరినైనా నాబ్ తిప్పమని, బానెట్ కింద వాల్వ్ చెయ్యి కదులుతుందో లేదో చూడండి. కేబుల్ క్లిప్పు ఊడి వేలాడుతుంటే మళ్లీ తగిలిస్తే సరిపోతుంది.

రెంటికీ 10 డిగ్రీల దాకా తేడా మామూలే. 25–30 డిగ్రీలు ఉంటే కోర్ సగం పూడినట్టు.

ఐడిల్‌లో చల్లగాలి, యాక్సిలరేటర్ తొక్కితే వేడిగాలి: కోర్‌లో గాలి చిక్కింది, కూలెంట్ తక్కువ ఉంది, లేదా వాటర్ పంప్ రెక్కలు అరిగాయి. మొదటి రెండూ తేల్చాకే మూడోది.

6. థర్మోస్టాట్ మార్చడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక టబ్బు పెట్టి, రేడియేటర్ కింది మూల డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి, మూడు లీటర్ల దాకా దింపండి. ప్లగ్ ప్లాస్టిక్‌ది, చేత్తోనే తిప్పాలి. కరోలా 1.8 ఇంజిన్‌లో థర్మోస్టాట్ గూడు రెండు 10 ఎంఎం నట్లతో ఉంటుంది. అడ్డం ఆల్టర్నేటర్. దాన్ని తీస్తే పని హాయిగా సాగుతుంది. అప్పుడు ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి.

పాతది బయటికి తీసి వెలుతురుకి పట్టండి. చల్లగా ఉన్నప్పుడు మధ్య పళ్లెం గట్టిగా మూసుకుని ఉండాలి. చుట్టూ చంద్రవంకలా వెలుతురు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

కొత్తదాన్ని బిగించే ముందు ఒకసారి ఉడికించి చూడండి. పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పక్కన పెట్టండి. దాని మీద 82 అని చెక్కి ఉంటే నీళ్లు 82 డిగ్రీలకి అటూ ఇటూగా ఉన్నప్పుడు తెరుచుకోవడం మొదలుపెట్టాలి, మరిగే లోపు బాగా విచ్చుకోవాలి. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు.

బిగించేటప్పుడు జరిగే తప్పులు:

- తలకిందులుగా పెట్టడం. స్ప్రింగు ఇంజిన్ వైపు ఉండాలి.
- అంచు మీద ఊగే చిన్న పిన్ను ఎటో ఉండటం. అది పైకి, గడియారంలో 12 దగ్గర ఉండాలి. నింపేటప్పుడు గాలి తప్పించుకునేది ఆ రంధ్రంలోంచే.
- పాత గ్యాస్కెట్ వాడటం, లేదా కొత్తదానికి జిగురు పూయడం. రబ్బరు గ్యాస్కెట్‌కి జిగురు అక్కర్లేదు.
- పిడికిలి బిగించి నట్లు తిప్పడం. ఈ చిన్న నట్లకు 10 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు. అల్యూమినియంలో మర చెడితే ఖర్చు పదింతలు.
- ఇంజిన్ చల్లగా ఉంటుందని తక్కువ డిగ్రీల థర్మోస్టాట్ కొనడం. అది హీటర్‌ని ఇంకా చంపుతుంది.

7. కూలెంట్ నింపి గాలి తీయడం

పని బాగా చేసి ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. "కొత్త థర్మోస్టాట్ వేసినా వేడి రావడం లేదు" అన్న ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేది చిక్కిన గాలే.

- ముందు చక్రాలు ర్యాంప్ ఎక్కించి, లేదా ఎత్తు వైపు ముక్కు పెట్టి ఆపండి. రేడియేటర్ మెడే అన్నిటికన్నా పైన ఉండాలి. హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి.
- హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పండి. వాల్వ్ ఉన్న కార్లలో అది మూసి ఉంటే కోర్‌లో గాలి అలాగే ఉండిపోతుంది.
- మెడకి గట్టిగా పట్టే గరాటు బిగించి నెమ్మదిగా పోయండి. ఎంత దింపారో అంతకు దగ్గరగా పట్టాలి. చిన్న కార్ల మొత్తం సామర్థ్యం 5–7 లీటర్లు ఉంటుంది, రేడియేటర్ దింపితే అందులో సగమే వస్తుంది.
- పాత హోండాలకు థర్మోస్టాట్ దగ్గర గాలి తీసే బోల్టు ఉంటుంది. బుడగలు ఆగి ధార సమంగా వచ్చేదాకా దాన్ని వదులుగా ఉంచి, తర్వాత బిగించండి.
- మూత పెట్టకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచండి. గరాటులో మట్టం తగ్గినకొద్దీ పోస్తూ ఉండండి. గ్లవ్స్ వేసుకుని పై హోస్‌ని మధ్య మధ్యలో పిసకండి, బుడగలు గుడగుడమంటూ పైకి వస్తాయి.
- రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఆపొద్దు. కడకు బుడగలు ఆగాలి, లోపల వేడిగాలి రావాలి.
- చల్లారాక మళ్లీ మెడ దాకా నింపి మూత పెట్టండి. రెండు మూడు రోజులు పొద్దున్నే మట్టం చూడండి. మొదటి రోజు కాస్త తగ్గడం మామూలే, రోజూ తగ్గితే కారుతోందని అర్థం.

డ్యాష్‌బోర్డ్ వెనక సెలయేరు పారినట్టు చప్పుడు వినిపిస్తోందంటే గాలి ఇంకా ఉంది. మళ్లీ మొదటి నుంచి.

8. కోర్ పూడుకుంటే కడగడం

రేకు గోడ దగ్గర రెండు హోస్‌లూ విప్పండి. లాగకండి. కోర్ గొట్టాలు పలచని లోహం, లాగితే లోపల అతుకు ఊడుతుంది, అప్పుడు డ్యాష్‌బోర్డ్ విప్పక తప్పదు. హోస్‌ని ముందు అటూ ఇటూ మెలితిప్పండి. కదలకపోతే చాకుతో నిలువుగా కోసి ఒలిచేయండి. కొత్త హోస్ ముక్క చవకే.

రెండు గొట్టాలకీ మీటరు పొడవు పారదర్శక పైపులు తొడగండి. చాలా కార్లకు 5/8 అంగుళాల సైజు సరిపోతుంది. నీళ్లు ఎప్పుడూ తిరిగి వెళ్లే వైపు నుంచి ముందు ఎక్కించాలి, అంటే రోజూ పారే దిశకు ఎదురుగా. పూడిక వచ్చిన దారినే బయటికి పోవాలి కదా. తర్వాత దిశ మార్చండి. బకెట్‌లో తుప్పు పెళుసులు రావడం ఆగి, నీళ్లు తేటపడేదాకా మార్చి మార్చి చేయండి.

తోట పైపు పూర్తిగా విప్పి వదలొద్దు. కారు కూలింగ్ వ్యవస్థ 15 పీఎస్‌ఐ దరిదాపుల ఒత్తిడికి చేసింది, ఇంటి కుళాయిలో దానికి మూడింతలు ఉండొచ్చు. పైపుని గొట్టానికి బిగించకుండా వదులుగా ఆనించి, సన్నధారతో మొదలుపెట్టండి. సింక్ శుభ్రం చేసే క్షార మందులు అల్యూమినియం కోర్‌ని తినేస్తాయి, వాటిని దగ్గరికి రానివ్వకండి.

చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, మిగిలిన నీళ్లు చిన్న పంపుతో మెల్లగా ఊది తీసేయండి. గడ్డకట్టే చలిలో బయట ఈ పని పెట్టుకుంటే ఆ రాత్రికి నీళ్లు లోపల ఉండిపోకూడదు.

కారడాన్ని ఆపుతుందని సీసాల్లో అమ్మే స్టాప్ లీక్ మందు పోయడం మా దృష్టిలో అప్పు చేసి పప్పు కూడు. రేడియేటర్ చిల్లు మూసే పదార్థమే కోర్ సన్న దారుల్నీ మూస్తుంది. పాత కారు కొనేటప్పుడు కూలెంట్‌లో మెరిసే పొడి గానీ గోధుమ రంగు ముద్ద గానీ కనిపిస్తే పాత యజమాని ఆ పని చేశాడని అర్థం.

వాడిన కూలెంట్‌ని డ్రైనేజీలోనో మంచులోనో పోయొద్దు. అమెరికాలో చాలా కౌంటీలకు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రాలు ఉంటాయి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పని మొదలుపెట్టే ముందు లీజు కూడా చదవండి, రిపేర్లు వద్దని రాసి ఉండొచ్చు.

9. హోస్‌లు వేడిగా ఉన్నా గాలి చల్లగా ఉంటే

గాలి తక్కువగా వస్తోందా, గాలి బాగానే వచ్చి చల్లగా ఉందా, ముందు తేల్చుకోండి.

గాలే తక్కువైతే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా టొయోటాలలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, పనిముట్లు లేకుండానే వస్తుంది. ఆకులు, ఎలుక గూడు దొరకడం వింతేం కాదు. బ్లోయర్ అన్నిటికన్నా ఎక్కువ వేగంలో మాత్రమే తిరుగుతుంటే దాని వేగం తగ్గించే రెసిస్టర్ కాలిపోయింది.

గాలి బాగా వచ్చి చల్లగా ఉంటే బ్లెండ్ డోర్. గాలిని కోర్ మీదికి మళ్లించే రెక్క అది. కొన్ని కార్లలో కేబుల్, కొన్నింట్లో చిన్న మోటారు తిప్పుతుంది. నాబ్ తిప్పితే డ్యాష్‌బోర్డ్ లోపల టక్ టక్ టక్ అని చప్పుడు వస్తే మోటారు పళ్లు విరిగాయి. నాబ్ మరీ తేలిగ్గా తిరుగుతుంటే కేబుల్ ఊడింది.

డ్రైవర్ వైపు వేడి, పక్కవైపు చల్లన అయితే రెండు దారులు. రెండు వైపులా వేరువేరుగా ఉష్ణోగ్రత పెట్టుకునే కారైతే ఒక మోటారు పోయింది. లేకపోతే కోర్ సగం పూడింది.

మధ్య వెంట్‌లో థర్మామీటర్ గుచ్చండి. బాగున్న హీటర్ 50–60 డిగ్రీల గాలి ఇస్తుంది. అద్దం మీద ఆవిరి పోవాలంటే రీసర్క్యులేషన్ ఆపి, డీఫ్రాస్ట్‌తో పాటు ఏసీ కూడా వేయండి. ఏసీ తేమ లాగేస్తుంది.

10. ఇండియా నుంచి అడిగేవాళ్లకు

హైదరాబాద్, విజయవాడ బళ్లలో హీటర్ ఉందో లేదో యజమానికే గుర్తుండదు. లంబసింగికో, లడఖ్‌కో బయల్దేరినప్పుడు బయటపడుతుంది. పైన చెప్పినవి కాక ఇక్కడ మూడు చూడాలి.

ఒకటి, ఎప్పుడో ఎండాకాలంలో బండి వేడెక్కితే మెకానిక్ థర్మోస్టాట్ వాల్వే పీకేసి ఉంటాడు. మళ్లీ వేయించండి. కానీ అప్పట్లో వేడెక్కడానికి కారణం ఫ్యాన్ మోటారో, పూడిన రేడియేటరో అయితే అది ముందు బాగుచేయించాలి. రెండు, కోర్ కారిందని రెండు హోస్‌లూ ఇంజిన్ వైపే యూ ఆకారంలో కలిపేసి ఉంటారు. రేకు గోడ దాకా పైపులు వెంబడిస్తే తెలుస్తుంది. మూడు, ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్లు. ఉప్పు, తుప్పు కోర్‌లో గట్టిపడి ఉంటే కడగడం ఒక్కసారితో తేలదు.

11. ఇక చెయ్యి ఆపి మెకానిక్‌కి ఇవ్వాల్సినవి

- కారులో తియ్యటి వాసన, అద్దం లోపల జిడ్డు పొర, ప్యాసింజర్ వైపు కార్పెట్ తడి: కోర్ కారుతోంది. ఇది నిజంగానే మార్చాల్సింది. కడిగితే చిల్లు ఇంకా పెద్దదవుతుంది.
- గాలి ఎన్నిసార్లు తీసినా గరాటులో బుడగలు ఆగకపోవడం, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి దట్టమైన తెల్లపొగ, ఆయిల్ పాలు కలిపిన టీలా మారడం, మూత లోపల మీగడ లాంటి జిగురు: హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానం. రేడియేటర్ మెడ దగ్గర పెట్టే పరీక్ష ద్రవం నీలం నుంచి పసుపుకి మారితే ఇంజిన్ పొగ కూలెంట్‌లోకి వస్తున్నట్టే. ఆటోజోన్ లాంటి దుకాణాలు డిపాజిట్ తీసుకుని పనిముట్లు అరువిస్తాయి, ఈ పరీక్ష సామాను ఉందేమో అడగండి.
- ముల్లు ఎర్రగీత వైపు వెళ్తూ హీటర్ మాత్రం చల్లగాలి కొట్టడం: కూలెంట్ దాదాపు లేదు, లేదా తిరగడం లేదు. వెంటనే పక్కకి ఆపండి. అక్కడి నుంచి బండిని టోయింగ్‌లోనే పంపండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు కాగితం మీద నాలుగు అంకెలు రాసుకెళ్లండి: నడిపాక కూలెంట్ ఎంత వేడెక్కింది, రెండు హోస్‌లు ఒక్కోటి ఎన్ని డిగ్రీలు, మధ్య వెంట్‌లో గాలి ఎంత. రెండు హోస్‌లూ 80 దాటి ఉండగా "కోర్ మార్చాలి" అంటే, బ్లెండ్ డోర్ చూశారా అని అడగండి.